గమ్లా ముచ్చట్లు: గోడను చూసి కుండీ కొనకండి

పోయిన నెల బంతి నారు గురించి రాశాను. వచ్చిన ఉత్తరాల్లో, ఫోటోల్లో సగానికి పైగా నారు ఊసే లేదు. "మేడమ్, మా గోడకు ఏ రంగు గమ్లా బాగుంటుంది?" ఇదే గోల. 30 ఏళ్ళు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషిని, రంగుల మాటెత్తితే ఆగలేనని మీకందరికీ తెలిసిపోయినట్టుంది. సరే, ఈ నెల మొక్కలను పక్కన పెట్టి గమ్లాల, అంటే పూల కుండీల సంగతే చూద్దాం.

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ. కొత్తిల్లు కట్టుకొని మూడు నెలలైంది. గోడలు లేత పిస్తా రంగు, బాల్కనీ కింద చాకొలేట్ పట్టీ, నల్ల గేటు, వాకిట్లో తాండూరు నీలి బండలు. గేటు నుంచి మెట్ల దాకా 8 కుండీలు పెట్టాలనుకుంటున్నాం. పిస్తాకు మ్యాచింగ్‌గా ఆకుపచ్చవి కొందామని నేను, ఎర్రవే బాగుంటాయని మా ఆయన. మా పాప నీలం కావాలని అలిగి కూర్చుంది. మీరే తీర్పు చెప్పాలి. (ఓ చెల్లె, నల్లగొండ)

జవాబు: చెల్లె, ముందు నీ మాటే కొట్టేస్తున్నా, ఏమనుకోకు. ఆ పొరపాటు నేను చేసి ఉన్నాను కాబట్టి చెబుతున్నా. పాలమూరులో మా ఇంటికి ఒకప్పుడు చిలకపచ్చ వేయించాం. దానికి జతగా ఉంటాయని చిలకపచ్చ ప్లాస్టిక్ కుండీలు ఆరు ఆటోలో వేసుకొచ్చాను. గోడ పచ్చ, కుండీ పచ్చ, ఆకు పచ్చ. గేటు దగ్గర నిలబడి చూస్తే గోడ ఎక్కడ అయిపోయిందో, మొక్క ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. గడ్డిమోపు తెచ్చి గోడకు ఆనించినట్టుండేది. రెండేళ్ళకు మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే ఇంటికి రంగు తప్పదు కదా, అమ్మాయి మెచ్చిన కనకాంబరం రంగు పడింది. ఇక నా పచ్చ కుండీల అవస్థ చూడాలి. ఎవరి తరఫు చుట్టాలో తెలియనివాళ్ళు పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నట్టు ఉండేవి.

అప్పటి నుంచి నేను గోడను చూసి కుండీ కొనడం మానేశాను. గోడ రంగు ఐదారేళ్ళకో, ఇంట్లో ఓ శుభకార్యానికో మారిపోతుంది. వాకిట్లో బండలు మారవు. మెట్ల రాయి, గేటు, కిటికీ చువ్వలు కూడా అంత తొందరగా మారవు. సిమెంటు కుండీయో, మట్టి కుండీయో జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్ళుంటుంది. అంటే అది కాపురం చేయాల్సింది బండలతో, గేటుతో. గద్వాల చీర కట్టేటప్పుడు రవిక దేనికి జత చేస్తాం? చీర ఒంటిది ఒక రంగు, పట్టు అంచుది ఇంకో రంగు. మా అమ్మ కాలం నుంచీ రవిక అంచును చూసే. ఇంటికి గోడ ఒళ్ళయితే బండలు, పట్టీలు, గేటు అంచు. కుండీని రవిక అనుకో.

నీ ఇంట్లో అంచులు మూడు: నీలిబూడిద బండలు, చాకొలేట్ పట్టీ, నల్ల గేటు. మెట్ల వరసకు ఆరు కుండీలు బండల కంటే ఒక పిసరు ముదురుగా, ఏనుగు రంగువి తీసుకో. అచ్చం బండ రంగే అయితే నేలలో కలిసిపోతాయి. గేటుకు అటొకటి ఇటొకటి పెద్దవి రెండు, మట్టి రంగువి. అవి పైనున్న చాకొలేట్ పట్టీకి కింద నుంచి బదులు పలుకుతాయి. ఎనిమిదీ ఒకే రంగైతే ఆఫీసు ముందు వరసలా ఉంటుంది, ఎనిమిది రంగులైతే జాతరే.

మీ ఆయన అన్న ఎరుపులో కొంత నిజముంది. క్లాసులో పిల్లలతో రంగుల చక్రం గీయించేదాన్ని. అందులో ఆకుపచ్చకు సరిగ్గా ఎదురుగా ఉండేది ఎరుపు. ఎదురెదురు రంగులను పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి పెంచి చూపిస్తాయి. మట్టి కుండీలో ఏ మొక్క పెట్టినా ఆకు అంత నిగనిగలాడేది అందుకే. కానీ ఆయన మనసులో ఉన్నది నిప్పులాంటి ఎరుపు అయితే వద్దు. చూసేవాళ్ళ కన్ను మొక్క దాకా పోదు, కుండీ దగ్గరే ఆగిపోతుంది. పైగా ప్లాస్టిక్‌లో ఆ ఎరుపు మన ఎండలకు వెలిసి ఉల్లిపొట్టు రంగుకు దిగుతుంది. ఇటుక రంగు, జాజు (ఎర్రమట్టి) రంగు అలా వెలవవు. అవి తుప్పు జాతివి, ఇనుముతో వచ్చిన రంగులు. ఎండకు జడవవు.

కొనే ముందు ఒక పని చెయ్. పాత పెయింట్ డబ్బాకు నువ్వనుకున్న రంగు రవిక ముక్క చుట్టి, కుండీ పెట్టాలనుకున్న చోటే పెట్టు. పొద్దున ఒకసారి, పన్నెండు గంటలకు ఒకసారి, రాత్రి వాకిట్లో లైటు వేశాక ఒకసారి గేటవతల నుంచి చూడు. ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి కూడా చూడు. గోడా డబ్బా ఒకే బూడిదలా కనిపిస్తే రెండింటి ముదురూ ఒకటే, దూరం నుంచి కుండీ కనబడదు. ఈ చిట్కాతో నా డబ్బు చాలా మిగిలింది, కాకపోతే తెలిసింది ఆ ఆరు పచ్చ కుండీల తరువాత.

పాపకు నీలం కుండీ ఒకటి కొనివ్వు. చేతిపంపు దగ్గరో, వెనక వాకిట్లోనో పెట్టి దాని మొక్క దాన్నే పెంచుకోమను. అలక తీరుతుంది.

ప్రశ్న: మేడమ్, మాది జడ్చర్ల. ఇల్లు పడమటి ముఖం, తెల్ల రంగు. తెలుపుకు నలుపు స్టైల్‌గా ఉంటుందని నల్ల ప్లాస్టిక్ కుండీలు తెచ్చి మందారాలు పెట్టాను. చూడటానికి బాగున్నాయి కానీ ఏప్రిల్ దాటితే ఆకుల అంచులు మాడిపోతున్నాయి. రెండు పూటలా నీళ్ళు పోసినా వాడిపోతున్నాయి. చీడనా? (ఓ తమ్ముడు, జడ్చర్ల)

జవాబు: చీడ కాదు తమ్మీ, రంగే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక ప్లాస్టిక్ కుండీ ఎంత? నేనూ ఓసారి నల్లవి పెట్టి చూశాను. ఆ ఏడు రోహిణిలో ఓ మధ్యాహ్నం మూడింటికి కుండీ పడమటి వైపు అరచెయ్యి ఆనించాను. అయిదు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేశాను. అక్కడే రెండడుగుల దూరంలో చూరు కింద తాగే నీళ్ళ మట్టి రంజన్ ఉంది. దాని పొట్ట మీద చెయ్యి పెడితే ప్రాణం లేచొచ్చింది. రంజన్ గోడలో నుంచి నీరు ఊరి, గాలికి ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు. నలుపు ఎండంతా తాగి లోపలి మట్టికి ఇస్తుంది.

ఆ మొక్క బతకలేదు. బోర్లించి ముద్ద బయటికి తీశాను. తూర్పు వైపు వేళ్ళు తెల్లగా, సన్నగా, సేమ్యా పోగుల్లా ఉన్నాయి. పడమటి వైపు కుండీకి ఆనుకున్నవి మాత్రం గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పాత కొబ్బరి పీచులా పొడిపొడిగా రాలిపోయాయి. ముద్ద మధ్యలో తడి బాగానే ఉంది. అంటే నీళ్ళకు కొదవ లేదు, తాగే వేళ్ళే ఉడికిపోయాయి. నువ్వు రెండు పూటలా పోసినా మొక్క వాడుతున్నది ఇందుకే. ఇంకా పోస్తే మిగిలిన వేళ్ళు కుళ్ళుతాయి.

స్టైల్ వదులుకోనంటే ఒక దారుంది. నల్ల కుండీని పై తొడుగులా వాడు. దాని లోపల రెండు వేళ్ళ సందు ఉండేలా మట్టి కుండీ దించి, సందులో ఎండుటాకులో కొబ్బరి పీచో కూరు. లేదా నల్లవన్నీ ఉత్తరం గోడ నీడకు మార్చి స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ పెట్టుకో. పడమటి ముందు వాకిట్లో లేత రంగే ఉండాలి, పైగా పెద్ద కుండీ ఉండాలి. 8 అంగుళాల దానికంటే 16 అంగుళాల దాంట్లో మట్టి ఎక్కువ కాబట్టి తొందరగా వేడెక్కదు.

లేత రంగన్నానని మల్లెపూవులాంటి తెలుపు తెచ్చేవు. మనవి ఎర్ర చల్కా నేలలు. మృగశిరలో మొదటి వాన పడితే చాలు, తెల్ల కుండీ మీద జానెడెత్తు ఎర్ర చిమ్ములు. ఎంత కడిగినా గీతల్లో మిగిలే ఉంటాయి. మీగడ రంగో, గంధం రంగో అయితే ఆ చిమ్ములు అంతగా కనపడవు. తెల్ల గోడ ముందు గంధం రంగు తేలిపోతుందని భయమైతే పూలు ఎర్రవి ఎంచుకో. మందారమే కదా, సరిపోయింది.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు. గోడలు ముదురు వంగపండు రంగు, ఓనరు మార్చనంటున్నారు. ఆ గోడ ముందు ఏ కుండీ పెట్టినా దిగులుగా ఉంది. (నారాయణపేట)

జవాబు: నారాయణపేటలో ఉండి నన్నడుగుతున్నారా! మీ ఊరి మగ్గాల మీద వంగపండు చీరకు ఆవపిండి రంగు అంచు ఎన్నిసార్లు నేశారో. ఆ ఆవపిండి రంగు కుండీలే పెట్టండి. దొరక్కపోతే రంగు వేయని మట్టి కుండీలు. పూలు పసుపువి, తెల్లవి పెట్టండి. నందివర్ధనం ఆ గోడ ముందు దీపం పెట్టినట్టుంటుంది. కాగితం పూలు మాత్రం వద్దు, వాటి గులాబీ రంగు ఊదా గోడలో మునిగిపోతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, సిమెంటు కుండీలు పది కొని, ఇంట్లో మిగిలిన ఆయిల్ పెయింట్ నేనే వేశాను. మూడు నెలలకే పొక్కులు లేచి పెచ్చులు ఊడుతున్నాయి. షాపులో మంచి పెయింటే అన్నారు. నా చేతిలో లోపమా? (సూర్యాపేట)

జవాబు: చేతిలో ఏం లేదు, పెయింటులోనూ లోపం ఉండకపోవచ్చు. ఆ రెండింటికీ పొసగదు, అంతే. కొత్త సిమెంటులో సున్నం గుణం ఉంటుంది. అది ఆయిల్ పెయింటులోని నూనెను సబ్బులా మార్చేస్తుంది. ఇక కుండీ లోపల మీరు రోజూ నీళ్ళు పోస్తారు, ఆ తడి సిమెంటు గోడలో నుంచి బయటికి రావాలని చూస్తుంది. బయట ఆయిల్ పెయింటు పొర అడ్డం. దాంతో పొక్కు లేస్తుంది. పొక్కును గోటితో గిల్లి చూడండి, వెనక తడిగా తెల్లటి పొడి ఉంటుంది.

పెచ్చులన్నీ ఇనుప బ్రష్‌తో గీకేయండి. కుండీని వారం పది రోజులు నీళ్ళలో నానబెట్టి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళు మార్చండి. కొత్తవైతే మొక్కకు కూడా ఇది మంచిదే, సున్నం దిగిపోతుంది. తరువాత బాగా ఎండనివ్వాలి. ఇక్కడే మనకు ఓపిక ఉండదు. లోపలి వైపు మిద్దె లీకేజీకి కొట్టే వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు, బయట సిమెంట్ ప్రైమర్ ఒకసారి, దాని మీద బయట గోడలకు వాడే ఎమల్షన్ రెండుసార్లు వేయండి. లోపలి గోడలకు కొట్టే డిస్టెంపర్ వేస్తే తొలి వానకే వాకిలంతా రంగే. అడుగున బొక్క మూసుకుపోకుండా చూసుకొని, కుండీని మూడు ఇటుక ముక్కల మీద నిలబెట్టండి.

అడుగు వెడల్పూ ఎత్తూ అడుగే ఉన్న కుండీకి చుట్టూ మూడు చదరపు అడుగులకు కాస్త ఎక్కువ వస్తుంది. పదింటికీ కలిపి లీటరు డబ్బాలో రెండు కోట్లు అయిపోతాయి. పెద్ద డబ్బా కొనకండి. మా ఇంట్లో అటక మీద నాలుగు సగం డబ్బాలు గట్టిపడి ఉన్నాయి.

అసలు పెయింటే వద్దనుకుంటే తెల్ల సిమెంటులో రెడ్ ఆక్సైడ్ పొడి కలిపి పూయండి. పాత ఇళ్ళలో ఎర్ర గచ్చు చూశారు కదా, అదే పొడి. సిమెంటు పది పాళ్ళయితే పొడి ఒక పాలు మించొద్దు. పూసే ముందు కుండీని తడపాలి, పూశాక నాలుగు రోజులు తడి ఆరనివ్వొద్దు. ఇది ఊడదు, వెలవదు. నన్నడిగితే సూర్యాపేట ఎండకు ఇదే నయం.

ప్రశ్న: మర్రిగూడ దగ్గర మా ఊరు. మట్టి కుండీలంటే ఇష్టం, ముదురు ఎరుపువి కొన్నాం. రెండు నెలల్లో చుట్టూ తెల్లగా బూజులాంటిది పట్టింది. మా దగ్గర బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, అదేనా? మొక్కకు ప్రమాదమా? (ఓ చెల్లె)

జవాబు: మీ వైపు ఫ్లోరైడ్ పేరు ఎత్తితేనే గుండె ఝల్లుమంటుంది, నీ భయం అర్థమవుతుంది. కానీ కంటికి కనిపించే ఆ తెలుపు ఎక్కువగా సున్నపు లవణాలు. నీళ్ళు మట్టి గోడలో నుంచి ఊరి ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే పొర లాంటిదే. ఫ్లోరైడ్ అయితే నీళ్ళలో కంటికి కనపడదు, దానికి రంగూ రుచీ ఉండవు. తాగేందుకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడు, కుండీ మరకను చూసి నీళ్ళు మంచివో చెడ్డవో తేల్చకు.

నిమ్మతోటల నల్లగొండ జిల్లాలో ఉండి వెనిగర్ కొనడం దేనికి? పిండేసిన నిమ్మ చెక్కలతో రుద్ది, కొబ్బరి పీచుతో తోమి కడుగు. రసం మట్టిలోకి పోకుండా చూసుకో. నెలకోసారి నీళ్ళు అడుగు బొక్కలో నుంచి ధారగా కారేదాకా పొయ్యి, లోపల పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. వానాకాలంలో చూరు కింద డ్రమ్ము పెట్టి ఆ నీళ్ళు మొక్కలకు దాచుకుంటే ఇంకా మేలు.

రంగు సంగతికొస్తే, మీ నీళ్ళకు ముదురు ఎరుపు తగదు. తెలుపు పొర ముదురు మీదే ఎక్కువ కొట్టొస్తుంది. లేత మట్టి రంగు కుండీ తీసుకో. లేదంటే మన తులసి గద్దెలకు వేసినట్టు కుండీ అంచుకు, అడుగుకు సున్నం పట్టీలు, నడుమ జాజు. అప్పుడు తెలుపు ఊరినా అదీ ముగ్గులో భాగమే అనుకుంటారు. ఏటా బతుకమ్మ పండుగకు ముందు మళ్ళీ పూసుకుంటే అయిపోయింది, ఖర్చు కూడా ఏమంత కాదు.

ప్రశ్న: ఈశాన్యంలో ఎర్ర కుండీ పెడితే దోషమని మా అత్తమ్మ, రంగుకు వాస్తుకు సంబంధం లేదని మా ఆయన. ఇంట్లో రోజూ టెన్షన్. (కల్వకుర్తి)

జవాబు: ఈశాన్యంలో బరువు వద్దంటారు కదా, అక్కడ చిన్న తులసి కుండీ పెట్టు, సున్నం తెలుపుది. ఎర్ర కుండీలను నైరుతికి జరుపు. అక్కడ బరువుంటే మంచిదేనని మీ అత్తమ్మే అంటారు. మీ ఆయనకు కుండీ పోలేదు, ఆమెకు మాట పోలేదు.

ప్రశ్న: అక్కా, మాది కొల్లాపూర్ దగ్గర పాత మిద్దె ఇల్లు. సున్నం గోడలు, రాతి అరుగు. దొడ్లో మా నాయనమ్మ కుడితి కలిపిన గోలెం, పక్కనే ఓ రాతి తొట్టి ఉన్నాయి. వాటికి నీలం, గులాబీ రంగులు వేసి ముందు వాకిట్లో పెడితే ఎలా ఉంటుంది? (ఓ తమ్ముడు)

జవాబు: తమ్మీ, డబ్బా మూత తీయకు! రాతి తొట్టికి రంగేస్తే ప్లాస్టిక్ తొట్టిలా కనిపిస్తుంది. అలాంటి తొట్ల కోసం పట్నంలో జనం డబ్బు పోసి మరీ వెతుకుతున్నారు. సున్నం గోడ తెల్లన, రాయి బూడిద, గోలెం కాలిన మట్టి రంగు. ఈ మూడూ ఒకే నేలలో నుంచి వచ్చినవి, వాటికి మ్యాచింగ్ వెతకాల్సిన పని లేదు. నీలం మీద అంత మోజుంటే దర్వాజకు వెయ్. సున్నం గోడలో నీలం దర్వాజ నాకూ ఇష్టమే.

గోలెంకు చేయాల్సింది బొక్క. అడుగున నీళ్ళు పోయే దారి లేకపోతే ఏ మొక్కా నిలవదు. సుత్తీ మేకూ పట్టుకున్నావో, నాయనమ్మ గుర్తు రెండు ముక్కలవుతుంది. గోలెంను తడి ఇసుక కుప్ప మీద బోర్లించు, లోపల కూడా తడి ఇసుక కూరి ఉంచు. డ్రిల్‌కు గోడ బిట్టు పెట్టి, సుత్తి దెబ్బ మోడ్ ఆపేసి, చుక్కచుక్కగా నీళ్ళు పోస్తూ మెల్లగా తిప్పు. ముందు సన్నటి బిట్టు, తరువాత చిటికెన వేలు లావుది. మూడు బొక్కలు చాలు. కుడితి వాసన ఇంకా ఉంటే రెండు రోజులు ఎండలో బోర్లించు.

రాతి తొట్టి మాత్రం బొక్క వేయకుండా అలాగే ఉంచి కలువ పెట్టుకో, దోమలు పెరగకుండా నాలుగు గంబూసియా చేపలు వెయ్. గోలెంలో ఏం పెట్టాలో నువ్వడగలేదు కానీ చెబుతా. మామిడి తోటల కొల్లాపూర్ వాళ్ళకు మామిడి మొక్క గోలెంలో పెట్టమని చెప్పేంత ధైర్యం నాకు లేదు. బొండుమల్లె పెట్టు.